చేతిలో ఐడీల లిస్టు ఉంది, టేబుల్‌లోంచి ఆ రోలు (వరుసలు) మాత్రమే కావాలి: ఎలా తీయాలి?

డేటాబేస్‌తో పని చేసేవాళ్లకు వారానికి రెండు మూడుసార్లైనా ఎదురయ్యే పని ఇది. ఎవరో ఒక ఎక్సెల్ షీట్ పంపిస్తారు, అందులో 300 కస్టమర్ నంబర్లు ఉంటాయి, "వీళ్ల ఆర్డర్లు మాత్రం తీసి పంపండి" అంటారు. లేదంటే స్క్రీన్ మీద యూజర్ నాలుగు చెక్‌బాక్సులు టిక్ చేస్తారు, ఆ నాలుగు స్టేటస్‌లకు సరిపోయేవే చూపించాలి. లేదా వేరే సర్వీసు కొన్ని ఐడీలు ఇస్తుంది, వాటి వివరాలు మన టేబుల్‌లోంచి తేవాలి. చూడ్డానికి ఒక్క లైను పని. కానీ ఆ ఒక్క లైనులో తప్పు జరిగి, ఎర్రర్ కూడా రాకుండా, తప్పుడు లెక్క నేరుగా రిపోర్టులోకి వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఎర్రర్ వస్తే నయం, అక్కడే ఆగి సరిచేసుకుంటాం. ఏ చప్పుడూ లేకుండా వచ్చే తప్పుడు జవాబుతోనే అసలు ఇబ్బంది.

ఇన్నేళ్లలో నాకు బాగా పనికొచ్చిన ఆలోచన ఒకటుంది, ముందే చెప్పేస్తా: మన చేతిలో ఉన్న లిస్టు కూడా డేటానే. దాన్ని క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) వాక్యంలో అక్షరాలుగా కుక్కకుండా, డేటాను ఎలా పంపుతామో అలాగే పంపాలి, టేబుల్‌ని ఎలా చూస్తామో అలాగే చూడాలి. కింద చెప్పే చిక్కుల్లో సగం పైగా ఈ అలవాటు ఉంటే అసలు రావు.

క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్, దాని కీవర్డ్‌లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు ఎడిటర్‌లో మామూలుగా టైప్ చేసేటట్టే టైప్ చేయండి.

మామూలు పద్ధతి

లిస్టు చిన్నది, మీరే చేత్తో రాస్తున్నారు అనుకుందాం. అప్పుడు ఇన్ చాలు.

సెలెక్ట్ * ఫ్రమ్ ఆర్డర్లు వేర్ కస్టమర్_ఐడి ఇన్ (101, 205, 318)

కస్టమర్_ఐడి 101 అయినా, 205 అయినా, 318 అయినా ఆ రో వస్తుంది. దీన్నే మూడు సమానాల మధ్య ఆర్ పెట్టి కూడా రాయొచ్చు, అర్థం ఒకటే. కానీ ఆర్‌తో రాస్తే ఒక ప్రమాదం ఉంది. ఆండ్ అనేది ఆర్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, "స్టేటస్ = 'పెండింగ్' ఆండ్ ఐడి = 101 ఆర్ ఐడి = 205" అని బ్రాకెట్లు లేకుండా రాస్తే 205 వాళ్ల ఆర్డర్లు ఏ స్టేటస్‌లో ఉన్నా వచ్చేస్తాయి. ఇన్ వాడితే ఆ గొడవే లేదు. అందుకని రెండు విలువలున్నా సరే నేను ఇన్ రాస్తాను.

అక్షరాల విలువలైతే ఒక్కొక్కదానికీ సింగిల్ కోట్స్ పెట్టాలి. ఎక్సెల్ కాలమ్‌లోంచి 300 విలువలు కాపీ చేస్తే చేత్తో కోట్స్ పెట్టుకుంటూ కూర్చోకండి, టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్‌తో రెండు నిమిషాల్లో అయిపోతుంది. చివరి విలువ తర్వాత కామా మిగిలిపోకుండా మాత్రం చూసుకోండి.

ప్రోగ్రామ్‌లోంచి పంపేటప్పుడు

ఇక్కడే ఎక్కువ మంది దారి తప్పుతారు. లిస్టు రన్ అయ్యే సమయంలో వస్తుంది, ఎన్ని విలువలు ఉంటాయో ముందు తెలియదు. మొదట అందరికీ తట్టేది స్ట్రింగ్‌లు అతికించడం: విలువలన్నీ కామాలతో కలిపేసి బ్రాకెట్ల మధ్య పెట్టేయడం. దయచేసి ఇది చేయకండి. ఆ విలువల్లో ఒక్కటైనా బయటి మనిషి టైప్ చేసినదైతే, అతను బ్రాకెట్ మూసేసి తనకు కావలసిన ఎస్‌క్యూఎల్ దాని వెనకాల రాసేయొచ్చు, దాన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు. "ఇవి మా సొంత ఐడీలే కదా" అనిపించినా, ఆరు నెలల తర్వాత అదే ఫంక్షన్‌ని ఇంకెవరో సెర్చ్ బాక్సుకి కలుపుతారు. అప్పుడు మీరు పక్కన ఉండరు. దురుద్దేశం లేకపోయినా, పేరు మధ్యలో సింగిల్ కోట్ ఉన్న ఒక్క మనిషి చాలు, క్వెరీ విరిగిపోవడానికి.

సరే, పారామీటర్ (క్వెరీలో ప్రశ్నార్థకం పెట్టి, విలువని విడిగా పంపడం) వాడదాం అనుకుని చాలామంది రెండో తప్పు చేస్తారు. ఇలా రాస్తారు:

వేర్ కస్టమర్_ఐడి ఇన్ (?)

ఆ ఒక్క ప్రశ్నార్థకానికి "101,205,318" అనే స్ట్రింగ్ పంపిస్తారు. డేటాబేస్ దృష్టిలో ఇది మూడు విలువల లిస్టు కాదు, మధ్యలో కామాలున్న ఒకే ఒక్క స్ట్రింగ్. ఇప్పుడు ఏం జరుగుతుందనేది మీరు వాడే డేటాబేస్‌ని బట్టి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే దీన్ని పూర్ణాంకంగా మార్చలేకపోతున్నానని ఎర్రర్ ఇస్తాయి, అది మన మంచికే. ఎస్‌క్యూలైట్ ఏ రో దొరకలేదంటుంది. మైఎస్‌క్యూఎల్ మాత్రం ఆ స్ట్రింగ్ మొదట్లో ఉన్న 101 వరకు అంకెగా తీసుకుని, మిగతాది వదిలేసి, 101 వాళ్ల రోలు మాత్రం తెచ్చి ఇస్తుంది. వార్నింగ్ ఒకటి వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు. టెస్ట్ చేసేటప్పుడు లిస్టులో ఒక్క విలువే పెట్టి చూసి ఉంటే అంతా సరిగ్గానే పని చేసినట్టు కనిపిస్తుంది కూడా. అందుకే ఎప్పుడూ కనీసం మూడు విలువలతో టెస్ట్ చేయండి, వాటిలో ఒకటి టేబుల్‌లో లేనిది పెట్టండి.

మరి సరైన దారి ఏది? అన్ని డేటాబేస్‌లలోనూ పనిచేసేది, ఎన్ని విలువలుంటే అన్ని ప్రశ్నార్థకాలు పెట్టడం. లిస్టు పొడవు చూసి (?, ?, ?) అనే ముక్కని ప్రోగ్రామ్‌తో తయారు చేసి, విలువల్ని విడిగా పారామీటర్లుగా పంపాలి. పైథాన్‌లో అయితే ప్రశ్నార్థకాన్ని లిస్టు పొడవుతో గుణించి కామాతో జాయిన్ చేస్తే ఒక్క లైనులో అయిపోతుంది. క్వెరీ టెక్స్ట్‌లోకి వెళ్లేవి ప్రశ్నార్థకాలు మాత్రమే, విలువలు కాదు, కాబట్టి ఇంజెక్షన్ భయం లేదు.

పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకు ఇంతకన్నా శుభ్రమైన దారి ఉంది. లిస్టు మొత్తాన్ని ఒకే అర్రేగా, ఒకే పారామీటర్‌గా పంపొచ్చు:

వేర్ కస్టమర్_ఐడి = ఎనీ($1)

లిస్టులో 3 ఉన్నా 3000 ఉన్నా క్వెరీ టెక్స్ట్ మారదు. పైథాన్ డ్రైవర్ సైకోపీజీ కొత్త తరంలో ఇన్ పక్కన టపుల్ పంపే పాత అలవాటు పనిచేయదు, మామూలు లిస్టుని ఎనీకి పంపమంటుంది. జావాలో అయితే కనెక్షన్ మీద క్రియేట్‌అర్రేఆఫ్ పిలిచి, సెట్‌అర్రేతో పంపాలి. ఒక జాగ్రత్త: "వీటిలో లేనివి" కావాలంటే <> ఎనీ అని రాయకండి. దాని అర్థం "లిస్టులో ఏదో ఒకదానికి సమానం కానిది" అని, లిస్టులో రెండు వేర్వేరు విలువలుంటే నల్ (విలువ తెలియదనే గుర్తు) కాని ప్రతి రోకీ అది నిజమే అవుతుంది. <> ఆల్ రాయాలి.

మిగతా డేటాబేస్‌లలో ఇదే పని జేసన్‌తో (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) చేయొచ్చు. లిస్టుని ఒక జేసన్ అర్రేగా స్ట్రింగ్‌లో పంపి, డేటాబేస్ లోపల దాన్ని రోలుగా విప్పుకోవడం అన్నమాట. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ నుంచి ఓపెన్‌జేసన్ ఉంది, మైఎస్‌క్యూఎల్ 8లో జేసన్_టేబుల్ ఉంది, ఎస్‌క్యూలైట్‌లో జేసన్_ఈచ్ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2008 నుంచీ టేబుల్ వాల్యూడ్ పారామీటర్ అనే సదుపాయం కూడా ఉంది, లిస్టుని నిజంగా ఒక టేబుల్‌గానే పంపేయొచ్చు, రకాలు కూడా పక్కాగా ఉంటాయి, నాకైతే అక్కడ అదే ఇష్టం. మైఎస్‌క్యూఎల్‌లో ఫైండ్_ఇన్_సెట్ వాడమని కొందరు చెబుతారు. కామాల స్ట్రింగ్‌తో అది పనిచేస్తుంది, నిజమే, కానీ కాలమ్ మీదున్న ఇండెక్స్‌ని (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) వాడుకోలేదు, టేబుల్ మొత్తం చదువుతుంది. పెద్ద టేబుల్ మీద వద్దు.

ఓఆర్ఎమ్ (మన కోడ్‌లోంచి ఎస్‌క్యూఎల్‌ని తానే తయారు చేసే లైబ్రరీ) వాడుతుంటే ఈ కష్టం చాలావరకు అదే పడుతుంది. జాంగోలో ఫీల్డ్ పేరు వెనక డబుల్ అండర్‌స్కోర్ ఇన్, ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో ఇన్_, రైల్స్‌లో వేర్‌కి లిస్టు ఇవ్వడం, సీ షార్ప్‌లో డాపర్ వాడేవాళ్లకు బ్రాకెట్లు లేకుండా ఇన్ పక్కన లిస్టు పేరు, ఇవన్నీ విలువల్ని సురక్షితంగా పంపే పని తామే చూసుకుంటాయి. అయినా అది ఎలాంటి ఎస్‌క్యూఎల్ పంపుతోందో లాగ్‌లో ఒకసారి చూడండి. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 8వ వెర్షన్‌లో కంటెయిన్స్ అనువాదం పద్ధతినే మార్చారు, ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద ఓపెన్‌జేసన్ వాడటం మొదలుపెట్టింది. వెర్షన్ మార్చాక కొన్ని క్వెరీల వేగం ఎందుకు మారిందో తెలియక తల పట్టుకునే బదులు ఇలాంటివి ముందే తెలిసుంటే మంచిది.

లిస్టు ఖాళీగా వస్తే?

యూజర్ ఏ చెక్‌బాక్సూ టిక్ చేయలేదు. మీ కోడ్ ఇన్ () అని తయారు చేసింది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ మూడూ దీన్ని సింటాక్స్ ఎర్రర్ అంటాయి. ఎస్‌క్యూలైట్ ఒప్పుకుని సున్నా రోలు ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ ఎనీకి ఖాళీ అర్రే ఇస్తే అదీ సున్నా రోలే, ఎర్రర్ లేదు. జాంగో, రైల్స్ కూడా ఖాళీ లిస్టుకి సున్నా రోలే ఇస్తాయి.

కానీ దీనికన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఖాళీ లిస్టు అంటే మీ అప్లికేషన్‌లో అర్థం ఏంటి? "ఏదీ వద్దు" అనా, "ఫిల్టర్ పెట్టలేదు, అన్నీ చూపించు" అనా? సెర్చ్ స్క్రీన్‌లో రెండోది సహజం. పర్మిషన్లలో మాత్రం మొదటిదే కావాలి, ఒక మనిషికి ఏ బ్రాంచి మీదా అధికారం లేకపోతే అతనికి అన్ని బ్రాంచీల డేటా చూపించడం ఘోరం. చాలా కోడ్‌లో "లిస్టు ఖాళీ అయితే వేర్ తీసెయ్" అని ఒకటే నియమం రాసి ఉంటుంది, దాన్నే రెండు చోట్లా వాడేస్తారు. ఈ రెండింటినీ వేర్వేరు విలువలుగా పెట్టండి: లిస్టే లేకపోతే ఫిల్టర్ లేదు, లిస్టు ఉండి ఖాళీ అయితే ఫలితం ఖాళీ. ఫలితం ఖాళీ అని ముందే తెలిసినప్పుడు డేటాబేస్ దాకా వెళ్లక్కర్లేదు కూడా, అక్కడే ఖాళీ జవాబు తిప్పి పంపేయండి.

నాట్ ఇన్, నల్: దీనికి కాస్త టైమ్ ఇవ్వండి

ఈ మొత్తంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. "ఒక్క ఆర్డర్ కూడా పెట్టని కస్టమర్లు ఎవరు?" అనే ప్రశ్నకి సహజంగా అందరం రాసేది ఇది:

సెలెక్ట్ * ఫ్రమ్ కస్టమర్లు వేర్ ఐడి నాట్ ఇన్ (సెలెక్ట్ కస్టమర్_ఐడి ఫ్రమ్ ఆర్డర్లు)

ఆర్డర్లు టేబుల్‌లో ఒక్క రోలో కస్టమర్_ఐడి నల్‌గా ఉన్నా, ఈ క్వెరీ సున్నా రోలు ఇస్తుంది. కోటి మంది కస్టమర్లున్నా సరే, సున్నా. బగ్ అనుకుంటారు, కానీ ఎస్‌క్యూఎల్ తన నియమం ప్రకారమే నడుచుకుంటోంది. ఎలాగో చూడండి. 7 నాట్ ఇన్ (3, 5, నల్) అంటే, 7 <> 3 ఆండ్ 7 <> 5 ఆండ్ 7 <> నల్. మొదటి రెండూ నిజం. మూడోది నిజమూ కాదు, అబద్ధమూ కాదు, తెలియదు. ఎందుకంటే నల్ అంటే "విలువ తెలియదు" అని, తెలియని విలువ 7 అవునో కాదో ఎవరు చెప్పగలరు? నిజం, నిజం, తెలియదు, ఈ మూడింటినీ ఆండ్‌తో కలిపితే వచ్చేది "తెలియదు". వేర్ అనేది నిజమైన రోలను మాత్రమే లోపలికి రానిస్తుంది, తెలియనివాటిని బయటే వదిలేస్తుంది. ఇక 3 సంగతి చూస్తే, అది లిస్టులో ఉంది కాబట్టి అబద్ధం. అంటే ప్రతి రో అయితే అబద్ధం, లేకపోతే తెలియదు. నిజం అయ్యే అవకాశమే లేదు.

నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇదే జరిగింది. పెండింగ్ లెక్కల రిపోర్టు ఒకటి నెలల తరబడి బాగా నడిచింది. తర్వాత ఎవరో అకౌంటు లేకుండా కూడా ఆర్డర్ పెట్టేలా మార్పు చేశారు, దాంతో ఆ కాలమ్‌లో మొదటి నల్ వచ్చిపడింది, ఆ రోజు నుంచి రిపోర్టు ఖాళీ. పెండింగ్ ఏమీ లేదని అందరూ సంతోషించారు. రెండు వారాల తర్వాత ఒక కస్టమర్ ఫోన్ చేసి గట్టిగా అడిగితే కానీ బయటపడలేదు. ఆ క్వెరీ రాసింది నేనే. అప్పటినుంచి సబ్‌క్వెరీ (క్వెరీ లోపలి క్వెరీ) ముందు నాట్ ఇన్ రాయడం పూర్తిగా మానేశాను.

దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ రాయండి:

సెలెక్ట్ * ఫ్రమ్ కస్టమర్లు క వేర్ నాట్ ఎగ్జిస్ట్స్ (సెలెక్ట్ 1 ఫ్రమ్ ఆర్డర్లు ఆ వేర్ ఆ.కస్టమర్_ఐడి = క.ఐడి)

ఇది "సరిపోయే రో ఒక్కటైనా దొరికిందా, లేదా" అని మాత్రమే చూస్తుంది, నల్ ఉన్న రో దేనికీ సరిపోదు కాబట్టి అడ్డం రాదు. పైగా పోస్ట్‌గ్రెస్‌లో దీన్ని యాంటీ జాయిన్‌గా (జత దొరకని రోలను ఏరే పద్ధతి) మార్చుకుని వేగంగా నడుపుతుంది. మీ చేతిలో ఉన్న లిస్టుతో నాట్ ఇన్ రాయక తప్పకపోతే, లిస్టులోంచి నల్‌లు ముందే ఏరేసి పంపండి. <> ఆల్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

ఇదే చిక్కు రెండో వైపు నుంచి కూడా వస్తుంది. లిస్టులో నల్ లేదు, టేబుల్ కాలమ్‌లో ఉంది. "స్టేటస్ నాట్ ఇన్ ('రద్దు', 'పూర్తి')" అని రాస్తే స్టేటస్ నల్‌గా ఉన్న ఆర్డర్లు రావు. రద్దు కాలేదు, పూర్తి కాలేదు, మన లెక్క ప్రకారం రావాల్సినవే, కానీ రావు. అవి కూడా కావాలంటే "ఆర్ స్టేటస్ ఈజ్ నల్" అని కలిపి, రెండింటి చుట్టూ బ్రాకెట్లు పెట్టండి.

కాలమ్ పేరు తప్పు రాసినా ఎర్రర్ రాని చోటు

ఇది తెలిసినవాళ్లు తక్కువ, దెబ్బ మాత్రం పెద్దది. తీసేయాల్సిన ఐడీలన్నీ ఒక టేబుల్‌లో వేసుకున్నారు, దాని పేరు తీసేసేవి, అందులో ఉన్న ఒకే కాలమ్ పేరు ఐడి. మీరు అలవాటుగా ఇలా రాశారు:

డిలీట్ ఫ్రమ్ ఆర్డర్లు వేర్ కస్టమర్_ఐడి ఇన్ (సెలెక్ట్ కస్టమర్_ఐడి ఫ్రమ్ తీసేసేవి)

తీసేసేవి టేబుల్‌లో కస్టమర్_ఐడి అనే కాలమే లేదు, కాబట్టి ఎర్రర్ రావాలి కదా? రాదు. లోపల దొరక్కపోతే డేటాబేస్ బయటి టేబుల్‌లో వెతుకుతుంది, అక్కడ ఆర్డర్లలో ఆ పేరు దొరుకుతుంది. ఇప్పుడు క్వెరీ అర్థం "కస్టమర్_ఐడి తనకు తాను సమానమా" అని అయిపోయింది. తీసేసేవి టేబుల్‌లో ఒక్క రో ఉన్నా చాలు, కస్టమర్_ఐడి నల్ కాని ప్రతి ఆర్డరూ పోతుంది. ఇది స్టాండర్డ్ ప్రకారం సరైన ప్రవర్తనే, కాబట్టి ఏ డేటాబేస్‌లో అయినా ఇంతే.

విరుగుడు తేలిక. సబ్‌క్వెరీ లోపల ప్రతి కాలమ్ ముందూ టేబుల్ పేరో, పెట్టుకున్న చిన్న పేరో రాయండి: సెలెక్ట్ త.కస్టమర్_ఐడి ఫ్రమ్ తీసేసేవి త. ఇలా రాస్తే కాలమ్ లేదని వెంటనే ఎర్రర్ వస్తుంది. డిలీట్, అప్‌డేట్ చేసేముందు అదే వేర్‌తో సెలెక్ట్ కౌంట్ నడిపి, వచ్చిన అంకె మీరు అనుకున్న దగ్గర్లో ఉందో లేదో చూడండి. ట్రాన్సాక్షన్ (కమిట్ చేసేదాకా వెనక్కి తీసుకోగలిగే పనుల గుంపు) మొదలుపెట్టి, డిలీట్ చేసి, ఎన్ని రోలు పోయాయో చూసి, అప్పుడు కమిట్ చేయండి. పని తొందరలో ఉన్నప్పుడే ఇది ఎక్కువ అవసరం.

లిస్టు పెద్దదైతే

ఎంత పెద్దదైతే పెద్దది? ముందు గట్టి పరిమితులు తెలుసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక రిక్వెస్టుకి 2100 పారామీటర్లు గరిష్ఠం. ఒరాకిల్‌లో చాలాకాలం పాటు ఒక ఇన్ లిస్టులో 1000 విలువలకు మించి పట్టేవి కావు, 1795 నంబరు ఎర్రర్ ఒరాకిల్ మీద పనిచేసిన ప్రతివాళ్లూ చూసే ఉంటారు. ఎస్‌క్యూలైట్‌లో డిఫాల్ట్‌గా 999 ఉండేది, 2020లో వచ్చిన 3.32 నుంచి 32766 చేశారు. పోస్ట్‌గ్రెస్‌లో పారామీటర్ల సంఖ్యని పంపే చోటు 16 బిట్లే కాబట్టి 65535 దాటదు, అయితే అర్రేగా పంపితే మొత్తం కలిపి ఒక్క పారామీటరే కాబట్టి ఈ గొడవ లేదు.

పరిమితి దాటకపోయినా, విలువలు వేలల్లోకి వెళ్లాక నేను ఇన్ లిస్టు వదిలేసి టెంపరరీ టేబుల్‌కి వెళ్లిపోతాను. ఒకే కాలమ్‌తో టెంపరరీ టేబుల్ చేసి, దానికి ప్రైమరీ కీ పెట్టి, లిస్టుని గుంపుగా అందులో వేసి, తర్వాత అసలు టేబుల్‌తో జాయిన్ చేయడం (ఐడీని బట్టి రోలను జతపరచడం). గుంపుగా అంటే ఒక్కో విలువకి ఒక్కో ఇన్సర్ట్ కాకుండా: పోస్ట్‌గ్రెస్‌లో కాపీ, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బల్క్ కాపీ, మైఎస్‌క్యూఎల్‌లో ఒకే ఇన్సర్ట్‌లో వందల రోలు. పోస్ట్‌గ్రెస్‌లో వేశాక అనలైజ్ (టేబుల్ గణాంకాలు సేకరించే కమాండ్) మీరే నడపాలి, ఎందుకంటే ఆ పని దానంతటదే చేసే ఆటోవాక్యూమ్ టెంపరరీ టేబుళ్లను ముట్టుకోదు, అనలైజ్ చేయకపోతే ప్లానర్ ఏదో ఒక అంచనా వేసుకుని ఒక్కోసారి చెత్త ప్లాన్ ఎంచుకుంటుంది. కనెక్షన్ పూల్ (తెరిచిన కనెక్షన్లనే మళ్లీ మళ్లీ వాడుకోవడం) వాడుతుంటే టెంపరరీ టేబుల్ ఆ కనెక్షన్‌తోనే ఉండిపోతుందని మర్చిపోకండి, తర్వాత ఆ కనెక్షన్ తీసుకున్న కోడ్‌కి పాత లిస్టు కనిపించొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఆన్ కమిట్ డ్రాప్ పెడితే ట్రాన్సాక్షన్ అవగానే పోతుంది.

ఇంకో దారి, లిస్టుని ముక్కలు చేసి వెయ్యేసి చొప్పున పంపి, ఫలితాలు ప్రోగ్రామ్‌లో కలుపుకోవడం. రోలు యథాతథంగా తెచ్చుకోవడానికైతే పర్వాలేదు. కానీ క్వెరీలో ఆర్డర్ బై, లిమిట్ ఉంటే ముక్కల ఫలితాలు కలిపినంత మాత్రాన సరైన జవాబు రాదు. సగటులు, డిస్టింక్ట్ కౌంట్‌లు కూడా అంతే, ముక్కల సగటుల సగటు అసలు సగటు కాదు. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య డేటా మారిపోవచ్చు కూడా. ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టినా రీడ్ కమిటెడ్ స్థాయిలో ప్రతి క్వెరీ కొత్త డేటా చూస్తుంది, అన్నీ ఒకే క్షణపు చిత్రం చూడాలంటే పోస్ట్‌గ్రెస్‌లో రిపీటబుల్ రీడ్ పెట్టుకోవాలి.

అన్నీ తెచ్చుకుని ప్రోగ్రామ్‌లో లిస్టుతో పోల్చుకుంటే సరిపోతుంది కదా అని కొందరంటారు. టేబుల్ వంద రోలదైతే సరే. లేకపోతే నెట్‌వర్క్ మీదా మెమరీ మీదా అనవసరపు భారం, ఇండెక్స్ ఉండీ వాడుకోనట్టే.

వేగం గురించి కొంచెం

కాలమ్ మీద ఇండెక్స్ ఉందో లేదో ముందు చూడండి, తొంభై శాతం నెమ్మదికి కారణం అదేనని నేను నొక్కి చెప్పను కానీ నేను మాత్రం మొదట చూసేది అదే. తర్వాత ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని ఎలా నడపబోతోందో డేటాబేస్ చూపించే కమాండ్) నడపండి. మైఎస్‌క్యూఎల్‌లో ఒక విచిత్రం ఉంది: లిస్టు చిన్నగా ఉన్నప్పుడు ఆప్టిమైజర్ ప్రతి విలువకీ ఇండెక్స్‌లోకి దిగి ఎన్ని రోలున్నాయో అంచనా వేస్తుంది, ఈక్యూ_రేంజ్_ఇండెక్స్_డైవ్_లిమిట్ అనే సెట్టింగ్ డిఫాల్ట్ 200 కాబట్టి ఆ సంఖ్యకి చేరాక దిగడం మానేసి పాత గణాంకాల మీద ఆధారపడుతుంది. 190 విలువలతో చకచకా నడిచిన క్వెరీ 210తో ప్లాన్ మార్చేస్తే కారణం ఇదై ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో 14వ వెర్షన్ నుంచి, ఇండెక్స్ వాడని చోట, లిస్టులో తొమ్మిది లేక అంతకన్నా ఎక్కువ స్థిర విలువలుంటే ఒక్కొక్కటే పోల్చకుండా హ్యాష్ టేబుల్‌తో చూస్తుంది.

ప్రశ్నార్థకాల పద్ధతిలో ఇంకో చిన్న ఖర్చుంది. 3 విలువలకు ఒక క్వెరీ టెక్స్ట్, 4కి ఇంకొకటి, 5కి మరొకటి, డేటాబేస్ దృష్టిలో ఇవన్నీ వేర్వేరు క్వెరీలు, ప్లాన్ క్యాష్ (పాత క్వెరీల ప్లాన్‌లు దాచుకునే చోటు) వీటితో నిండిపోతుంది. దీనికి చాలామంది చేసేది, ప్రశ్నార్థకాల సంఖ్యని 4, 8, 16, 32 ఇలా పైకి సర్ది, మిగిలిన చోట్ల చివరి విలువనే మళ్లీ మళ్లీ నింపడం. జావా ఓఆర్ఎమ్ హైబర్నేట్‌లో దీనికి సెట్టింగే ఉంది. ఇన్‌లో ఒకే విలువ రెండుసార్లు ఉన్నా రోలు రెండుసార్లు రావు కాబట్టి నష్టం లేదు.

విలువ ఉంది, అయినా దొరకడం లేదు

కంటికి ఒకేలా కనిపించే రెండు విలువలు డేటాబేస్‌కి వేరుగా కనిపించడం రోజూ జరిగేదే. ఎక్సెల్ మొదట్లోని సున్నాల్ని మింగేస్తుంది, 00451 కాస్తా 451 అవుతుంది. 15 అంకెలు దాటిన నంబర్లని అది కచ్చితంగా దాచలేదు, 16వ అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది, కాబట్టి పొడవైన ఐడీల కాలమ్‌ని విలువలు వేయకముందే టెక్స్ట్‌గా పెట్టమని పంపేవాళ్లకి చెప్పండి. వెబ్ పేజీల నుంచి కాపీ చేసినవాటిలో నాన్ బ్రేకింగ్ స్పేస్ ఉంటుంది, మామూలు ట్రిమ్ దాన్ని తీయదు. తెలుగు లాంటి లిపుల్లో కనిపించని జీరో విడ్త్ అక్షరాలు కూడా మధ్యలో దాక్కుంటాయి. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడాని పోస్ట్‌గ్రెస్ పట్టించుకుంటుంది, మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్‌గా పట్టించుకోదు.

కాలమ్ అక్షరాల రకం అయితే లిస్టు విలువల్ని కూడా అక్షరాలుగానే పంపండి. మైఎస్‌క్యూఎల్‌లో వర్చార్ కాలమ్‌ని కోట్స్ లేని అంకెలతో పోలిస్తే ఇండెక్స్ పనిచేయదు, పైగా 0 అనే అంకె పెడితే అంకెతో మొదలుకాని స్ట్రింగ్‌లన్నీ దానికి సమానమైపోతాయి. ఒకే లిస్టులో కోట్స్ ఉన్నవీ లేనివీ కలపనే కలపకండి. తేదీలతో ఇంకో తిప్పలు: కాలమ్‌లో సమయం కూడా ఉంటే, ఇన్ ('2024-01-05') అంటే ఆ రోజు సరిగ్గా అర్ధరాత్రి 12 గంటలకు పడిన రోలే వస్తాయి. రోజు మొత్తం కావాలంటే మొదలు, ముగింపు పెట్టి రేంజ్ రాయాలి.

రెండు కాలమ్‌లు కలిసి ఒక ఐడీ అయితే (బ్రాంచి, బిల్లు నంబరు) జంటలుగా ఇన్ రాయొచ్చు, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ ఒప్పుకుంటాయి, ఎస్‌క్యూలైట్‌లో వాల్యూస్ అనే పదం కలపాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కుదరదు, ఎగ్జిస్ట్స్ రాసుకోవాలి. బ్రాంచికి ఒక ఇన్, బిల్లుకి ఒక ఇన్ పెట్టి ఆండ్ చేయడం మాత్రం తప్పు: ఒక బ్రాంచి నంబరు ఇంకో బ్రాంచి బిల్లుతో కలిసి మీరు అడగని జంటలు కూడా వచ్చేస్తాయి.

జాయిన్ చేసేటప్పుడు, వరుస కావాలన్నప్పుడు

లిస్టుని టేబుల్‌గా మార్చి జాయిన్ చేస్తే, లిస్టులో ఒక ఐడీ రెండుసార్లు ఉంటే ఆ ఆర్డర్లు కూడా రెండుసార్లు వస్తాయి, మొత్తం రెట్టింపు అవుతుంది. ఇన్‌తో ఇలా జరగదు. పైన టెంపరరీ టేబుల్‌కి ప్రైమరీ కీ పెట్టమన్నది సగం ఇందుకే, రెండోసారి వేయబోతే అదే ఆపుతుంది.

ఫలితాలు లిస్టులో ఉన్న వరుసలోనే వస్తాయని అనుకోకండి, ఇన్ ఏ వరుసా హామీ ఇవ్వదు. అదే వరుస కావాలంటే మైఎస్‌క్యూఎల్‌లో ఆర్డర్ బై ఫీల్డ్(ఐడి, 318, 101, 205) అనొచ్చు, పోస్ట్‌గ్రెస్‌లో అర్రేని అన్‌నెస్ట్ విత్ ఆర్డినాలిటీతో విప్పి, వచ్చిన వరుస నంబరు మీద సార్ట్ చేయొచ్చు. టెంపరరీ టేబుల్ అయితే వరుస నంబరుకి ఇంకో కాలమ్ పెట్టుకోండి, అంతే.

రిపోర్టు పంపేముందు ఇంకొక్క క్వెరీ నడపండి. 300 ఐడీలు ఇచ్చారు, 287 మందివే వచ్చాయి, మిగతా 13 ఏమైనట్టు? ఇన్ ఆ సంగతి ఎప్పటికీ చెప్పదు, దొరికినవి ఇచ్చి ఊరుకుంటుంది. లిస్టు టేబుల్‌గా ఉంటే ఇది చిటికెలో తేలుతుంది:

సెలెక్ట్ ల.ఐడి ఫ్రమ్ లిస్టు ల లెఫ్ట్ జాయిన్ కస్టమర్లు క ఆన్ క.ఐడి = ల.ఐడి వేర్ క.ఐడి ఈజ్ నల్

ఆర్డర్లతో కాకుండా కస్టమర్లతో జాయిన్ చేశానని గమనించండి. ఐడీ మన దగ్గర అసలు లేకపోవడం వేరు, కస్టమర్ ఉండి ఆర్డర్ పెట్టకపోవడం వేరు. కస్టమర్లలోనే లేనివి సాధారణంగా పైన చెప్పిన సున్నాలో, స్పేస్‌లో, టైపింగ్ తప్పులో అయి ఉంటాయి. ఈ రెండు రకాలనూ విడివిడిగా రాసి, రిపోర్టుతో పాటు లిస్టు పంపినవాళ్లకే తిప్పి పంపండి.